ఎత్తైన భవనాలు చూడ్డానికి ఎక్కడ నిలబడాలి?

షికాగోలో దిగగానే నేను చేసిన పొరపాటు, నేరుగా విల్లిస్ టవర్ 103వ అంతస్తుకి వెళ్లడం. ఊరంతా కనిపించింది, విల్లిస్ టవర్ తప్ప. తొమ్మిది చదరపు గొట్టాలను ఒక కట్టగా నిలబెట్టి, పైకి పోయేకొద్దీ కొన్నింటిని ఆపేస్తూ పోయిన ఇంజనీర్ ఫజ్లుర్ ఖాన్ పనితనం చూడాలంటే దూరం జరగాల్సిందే.

మర్నాడు నదిలో పడవెక్కాను. భవనాల గురించి చెప్పడానికే నడిపే పడవ, గంటన్నర. డబ్బుకి తగిన సేవ అంటే ఇదే. 1925 నాటి ట్రిబ్యూన్ టవర్ గోథిక్ చర్చిలా ఉంటుంది. కాస్త పడమరకి వెళ్తే మొక్కజొన్న పొత్తుల్లాంటి మెరీనా సిటీ జంట టవర్లు, కింది 19 అంతస్తులూ కార్లకే. ఆర్కిటెక్ట్ జీన్ గ్యాంగ్ గీసిన ఆక్వా టవర్ అయితే లోపల మామూలు పెట్టె భవనమే. ఒక్కో అంతస్తులో బాల్కనీ పలకని ఒక్కో కొలతలో బయటికి లాగారు, అంతే. గోడ మీద అలలు లేచాయి!

షాంఘైలో మోసపోయాను. 'స్కైలైన్ వ్యూ' అని అదనంగా డబ్బు కట్టి టవర్లన్నీ ఉన్న పుడాంగ్‌లో గది తీసుకుంటే, కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో అద్దాల గోడ. ఆ దృశ్యం కావాలనుకునేవాళ్లు నదికి రెండో ఒడ్డున, బండ్ అనే వీధి వైపు దిగండి. అక్కణ్ణించి మూడు టవర్లు భుజం భుజం రాసుకుంటూ కనిపిస్తాయి. 632 మీటర్ల షాంఘై టవర్ గాలి తాకిడి తగ్గడానికి మెలి తిరిగింది. నా ఓటు మాత్రం మూడింటిలో పొట్టిదీ, వయసులో పెద్దదీ అయిన జిన్ మావోకే (1999). పగోడాలా మెట్లు మెట్లుగా సన్నబడే ఆ నడుం, పక్కనున్న నున్నటి అద్దానికి లేదు.

దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. టికెట్‌లో వేసిన టైముకే లోపలికి పంపారు, ఏర్పాట్లకి వంక పెట్టలేను. చుట్టుపక్కల ఏమున్నాయని అడిగితే మాత్రం ఒక్కటీ గుర్తులేదు.

హాంకాంగ్‌లో రేవు దాటించే స్టార్ ఫెర్రీ పడవ చాలు. ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పేయ్ గీసిన బ్యాంక్ ఆఫ్ చైనా టవర్ త్రికోణాలు, కాస్త అవతల ఎముకలన్నీ బయట పెట్టుకున్నట్టుండే నార్మన్ ఫోస్టర్ గీసిన హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు భవనం, వెనకాల పచ్చటి కొండ. రాత్రి ఎనిమిదింటి లైట్ల షో నాకు నచ్చలేదు, ఆ రంగుల్లో ఏ భవనం ఏదో తెలియలేదు. పొద్దున్నే వెళ్లి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను.