కొలత టేపు యాగీ: కోనసీమ డాబా మీద కొన్నేళ్ల వాడకం

స్టీలు కొలత టేపు కోసి ఇంట్లో చేసుకునే మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ, అంటే ఒక వైపే బాగా వినే రేడియో యాంటెన్నా, కొనదగ్గది కాదు, చేసుకోదగ్గది. ఆ ఖర్చుకి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. అందరూ అది దూరం లాగుతుందని మెచ్చుకుంటారు. లాగుతుంది, నిజమే. డైపోల్, అంటే రెండు కడ్డీల మామూలు యాంటెన్నా మీద నాలుగైదు డెసిబెళ్లు ఎక్కువ ఇస్తుంది. నాకు మాత్రం దాని వెనక చెవుడే, అంటే వెనక నుంచి వచ్చేది వినకపోవడమే, ఎక్కువ పనికొచ్చింది.

మాది అమలాపురం, రాజోలు మధ్య ఊరు. కొండ అన్నది కనిపించదు కాబట్టి సిగ్నలుకి అడ్డేముంటుంది అనుకుంటారు. ఇక్కడ బాధ అడ్డు కాదు, రొద. ఎల్‌ఈడీ లైట్లు, ఇన్వర్టర్లు, సెట్‌టాప్ బాక్సుల చవక అడాప్టర్లు, రొయ్యల చెరువుల దగ్గర మోటార్ల కంట్రోల్ పెట్టెలు, అన్నీ కలిసి నేను వినే 145 మెగాహెర్ట్జ్ దగ్గర చీమలపుట్ట చేస్తాయి. నిలువు కడ్డీ యాంటెన్నా పెడితే నాలుగు దిక్కుల రొదా మోసుకొస్తుంది. యాగీ అయితే రొద ఉన్న వైపు వీపు పెట్టి కూర్చోవచ్చు.

కొలతలు హ్యాములు, అంటే సరదాకి రేడియో నడిపే అమెచ్యూర్లు, ఎప్పటినుంచో వాడుతున్నవే. వెనక రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు, మధ్యలో కేబుల్ తగిలించే ఎలిమెంట్ రెండు ముక్కలు, ఒక్కోటి 45, ముందు డైరెక్టర్ 89. రిఫ్లెక్టర్ నుంచి మధ్య దానికి 20 సెంటీమీటర్లు, అక్కణ్ణుంచి డైరెక్టర్‌కి 32. మధ్య ముక్కల నడుమ ఒక అంగుళం ఖాళీ. ఆ రెంటినీ కలుపుతూ ఐదంగుళాల గట్టి రాగి తీగను యూ ఆకారంలో వంచి అతకాలి. యాంటెన్నాకీ కేబుల్‌కీ పొంతన కుదిర్చే మ్యాచింగ్ అంతా ఆ తీగలోనే ఉంది, దాన్ని వదిలేయకండి. కేబుల్ నడిమి తీగ ఒక ముక్కకి, దాని చుట్టూ ఉండే లోహపు జాలీ రెండో ముక్కకి. మొత్తం 284 సెంటీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 3 మీటర్ల టేపు చాలు. కానీ ఆ టేపులు సన్నగా ఉంటాయి, చివర్లు వేలాడిపోతాయి. 5 మీటర్లది, వెడల్పుది కొనండి. రంగు గరుకు కాగితంతో పూర్తిగా గీకి, ఫ్లక్స్ రాసి, వేడి గట్టిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో అతికితేనే సోల్డరు పట్టుకుంటుంది. నడుముకి పీవీసీ పైపు, టీ ఆకారం జాయింట్లు, బిగించడానికి హోస్ క్లిప్పులు.

కేబుల్ 50 ఓమ్‌లదే ఉండాలని పట్టుబడతారు. వినడానికి మాత్రమే అయితే కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ-6 వాడండి. అది 75 ఓమ్‌లదే, అయినా ఆ తేడా వల్ల పోయేది పావు డెసిబెల్ కూడా ఉండదు. అదే పొడవు ఆర్‌జీ-58లో, అంటే సన్నని 50 ఓమ్‌ల కేబుల్‌లో, పోయే సిగ్నల్‌లో సగం కూడా ఇందులో పోదు.

ఒక సాయంత్రం డాబా మీద దాన్ని పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే పక్కింటి బాబాయి గారు కిందనుంచి చూశారు.

"ఏంట్రా అబ్బాయ్, మళ్లీ దూరదర్శన్ ఏరియల్ ఎత్తుతున్నావేంటి?"

ఆయన అన్నది తప్పేం కాదు. 1926లో జపాన్‌లో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ లోకానికి చెప్పిన ఆ అమరికే అప్పట్లో మన పెంకుటిళ్ల మీదికీ ఎక్కింది, ఇప్పుడు నా చేతిలోనూ ఉంది. నేను వెతుకుతున్నది మాత్రం రొద ఎక్కణ్ణుంచి పుడుతోందని. ముందు వైపు తిప్పి వెతికితే దిక్కు సరిగ్గా తేలదు, అది వినే ముక్కు వెడల్పు. వీపు తిప్పితే రొద చటుక్కున తెగిపోతుంది. అలా తెగిన చోట రిఫ్లెక్టర్ బాబాయి గారి పశువుల పాక వైపు ఉంది.

"బాబాయి గారూ, ఆ పాకలో లైటు ఒక్క క్షణం ఆపుతారా?"

ఆపారు. రేడియోకి తగిలించి సిగ్నళ్లు చూసే లాప్‌టాప్ తెర మీద మసకగా పరుచుకున్న పసుపు చారలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఆ లైటు మార్చి మరోటి నేనే కొనిచ్చాను. నా రేడియో ఖర్చులన్నిట్లో సార్థకమైనది అదే.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పైనుంచి వెళ్లేటప్పుడు 145.800 మీద వినడానికి దీన్ని చేత్తో పట్టుకోవడమే హాయి. పది నిమిషాల్లోపే దాటిపోతుంది, స్టాండు తిప్పుకుంటూ కూర్చుంటే కుదరదు. సిగ్నల్ పలచబడగానే మణికట్టు పావు వంతు మెలితిప్పండి, ధ్రువణం, అంటే తరంగం ఊగే దిశ, కలిసి మళ్లీ పుంజుకుంటుంది. దాని వేగం వల్ల వచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ మూడు కిలోహెర్ట్జ్ పైన, పోయేటప్పుడు అంతే కింద ఉంటుంది. అప్పుడప్పుడు కేంద్రం వాళ్లు రేడియో మీద బొమ్మలు పంపే రోజుల్లో తెర మీద ఒక్కో గీతా కిందికి దిగుతూ ఉంటే మా పిల్లలు హోంవర్కు వదిలేసి వచ్చేస్తారు.

ఎఫ్‌ఎం కోసం ఇదే నమూనా పెద్దది చేశాను. వేసవి రాత్రుళ్లు బంగాళాఖాతం మీద గాలి పొరలు కట్టినప్పుడు నాలుగొందల కిలోమీటర్ల అవతలి చెన్నై తమిళ స్టేషన్లు ఇక్కడ వినిపిస్తాయి. కానీ 98 మెగాహెర్ట్జ్‌కి రిఫ్లెక్టర్ ఒకటిన్నర మీటరు దాటుతుంది, టేపు ఆ పొడవుకి నిలబడదు. ఎఫ్‌ఎం అయితే అల్యూమినియం గొట్టాలే దిక్కు.

మన్నిక మాటకొస్తే, ఎండకి పైపు పసుపెక్కింది, పని మానలేదు. కొబ్బరి మట్ట పడితే టేపు వంగి మళ్లీ లేస్తుంది. అల్యూమినియం కడ్డీ అయితే వంకరే మిగిలేది. ఉప్పుగాలి మాత్రం వదలదు. అతుకు దగ్గర, కోసిన అంచుల దగ్గర తుప్పు మొదలవుతుంది. ఇప్పుడు అతుకు మీద ఎం-సీల్, అంచులకి గోళ్ల రంగు పూస్తున్నాను. అయినా మధ్య ముక్కలు ఒకసారి మార్చాల్సి వచ్చింది. కేబుల్ ఉడుతలు కొరుకుతాయి, దానికి మందు లేదు. పైపులోంచి పంపడమే.

ఇది వినడానికి చెప్పిన ముచ్చట. ప్రసారం చేయాలంటే అమెచ్యూర్ లైసెన్సు ఉండాలి, పోలీసుల మాటలూ విమానాల మాటలూ నేను వెతకను. స్తంభానికి ఎక్కించి ఏళ్లపాటు మర్చిపోవాలనుకునేవాళ్లు అల్యూమినియంతో చేసుకోండి. డాబా మీద చేత్తో తిప్పేవాళ్లకి, తుపాను కబురు రాగానే రెండు క్లిప్పులు వదులుచేసి మంచం కింద తోసేయాలనుకునేవాళ్లకి టేపుదే సరి.