వానలో శాలిహుండం: జీడితోటలోని గుడారాల బస

శ్రీకాకుళం జిల్లాలో పాత బౌద్ధ కట్టడాలున్న శాలిహుండం కొండకు కొంత దూరంలో, వంశధార నది వైపు వాలుగా ఉన్న ఒక జీడితోటలో, ఆ చుట్టుపక్కల ఊళ్ల యువకులు కొందరు గుడారాల బస నడుపుతున్నారు. బోర్డు, ప్రచారం లేవు. తెలిసినవారి ద్వారా ఫోన్‌లో ముందుగా చెప్పుకోవడమే పద్ధతి. ఆగస్టులో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి, ముసురు తెరిపి ఇవ్వని వారాంతంలో, కాలేజీనాటి మిత్రులం కలిసి అక్కడ బస చేశాం. ఆరుబయటి బస మంచిచెడ్డలు తెలిసేది వానలోనే. డిసెంబరు చలిలో, ఆకాశం తేటగా ఉన్నప్పుడు ఎవరు గుడారం వేసినా హాయిగానే ఉంటుంది కనుక, వానాకాలంలో వెళ్లాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. క్లుప్తంగా నా అభిప్రాయం: ఇక్కడ సామాను మధ్యరకం, నడిపేవారి జాగ్రత్త మాత్రం మొదటి రకం.

శ్రీకాకుళం నుంచి శాలిహుండం సుమారు 18 కిలోమీటర్లు. అక్కడినుంచి కళింగపట్నం సముద్రతీరం ఇంకొక 5 కిలోమీటర్లు. రైలులో వచ్చేవారు ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. చివరి కొద్ది దూరం మట్టిబాట. వానలో కారు దిగబడే అవకాశం ఉంది కాబట్టి, బస వాళ్లు తారురోడ్డు దగ్గరే బండి ఆపించి, సామాను ట్రాక్టరులో చేరవేస్తున్నారు.

నేను మొదట గమనించినది వాళ్లు స్థలాన్ని ఎంచుకున్న తీరు. చాలామంది నది కనబడాలన్న ఆశతో ఇసుక తిన్నెమీదనే గుడారాలు వేయిస్తారు. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి వచ్చే నది. మనకు ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువన వాన కురిస్తే, ఆ నదిమీదే ఉన్న గొట్టా బ్యారేజీ నుంచి నీరు వదిలితే, తిన్నె తెల్లవారేసరికి ఉండదు. ఈ తోట గట్టుకు పైన, ఎత్తుగా ఉంది. అంతేకాక, రోజూ సాయంత్రం బ్యారేజీ నీటిమట్టం సంగతి కనుక్కుని వచ్చి చెప్పేవారు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది ఈ కళింగపట్నం పరిసరాల్లోనే. తుపాను హెచ్చరిక వెలువడితే ముందే బుకింగులు రద్దు చేసి, డబ్బు వెనక్కి ఇచ్చేస్తామని వాళ్లు నిక్కచ్చిగా చెప్పారు. ఈ ప్రాంతంలో అది అతి కచ్చితంగా ఉండవలసిన నియమం.

గుడారాల విషయానికి వస్తే కొంచెం వివరంగా రాయాలి. గుడారపు బట్ట ఎంత నీటిని ఆపుతుందో మిల్లీమీటర్లలో లెక్కగడతారు. 2000 అని రాసి ఉంటే, ఆ బట్టమీద 2000 మిల్లీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిపినప్పటి ఒత్తిడిదాకా చుక్క కిందికి దిగదని అర్థం. పైకప్పుకు అది చాలు. మనిషి బరువు పడే నేలబట్టకు మాత్రం ఇంకా ఎక్కువ ఉండాలి. ఇక్కడి గుడారాల్లో కొన్నింటికి రెండు పొరలున్నాయి: లోపల గాలి ఆడే పలుచని బట్ట, దానికి జానెడు ఎడంగా వాననాపే పైబట్ట. మరికొన్ని ఒంటిపొరవి. మిత్రులు కొందరు ఒంటిపొర గుడారంలో పడుకుని, తెల్లవారేసరికి గోడలు తడిగా ఉన్నాయని, గుడారం కారిందని అన్నారు. నిజానికి అది కారడం కాదు. మనుషుల ఊపిరిలోని ఆవిరి చల్లబడిన బట్టకు తగిలి నీరైంది. రెండు పొరలున్నచోట ఆ నీరు పైబట్ట లోపలి అంచునే జారి నేలలోకి పోతుంది, మనమీద పడదు. కిటికీ జాలీ కొంచెం తెరిచి ఉంచితే ఒంటిపొర దానిలోనూ తడి తగ్గుతుంది గాని, గాలివాన వీస్తున్నప్పుడు తెరవడం సాధ్యం కాదు. కాబట్టి వానాకాలంలో వెళ్లేవారు రెండు పొరల గుడారమే కావాలని ఫోన్‌లోనే పట్టుబట్టి అడగాలి. వానాకాలానికి ఒంటిపొరవాటిని అద్దెకివ్వడం పూర్తిగా మానేయాలని నడిపేవారికి కూడా చెప్పి వచ్చాను.

పాతడం, కట్టడం మాత్రం ఎంతో నేర్పుగా చేశారు. ఆ నేల ఇసుక పాలు ఎక్కువైన నేల. సన్నని ఇనుప మేకులు దిగుతాయి, అంతే సులువుగా గాలికి ఊడివస్తాయి. అందుకని గోతాల్లో ఇసుక నింపి, మూతి బిగించి, గుంటలో పాతిపెట్టి, గుడారపు తాళ్లను వాటికి కట్టారు. నైలాన్ బట్ట తడిస్తే సాగుతుంది. సాగినచోట నీళ్లు మడుగు కట్టి బరువుకు కుట్లు ఊడుతాయి. రాత్రి భోజనాల తర్వాత ఒక కుర్రవాడు టార్చిలైటు పట్టుకుని వానలోనే గుడారం గుడారం తిరిగి తాళ్లు బిగించి వెళ్లడం చూశాను. గుడారం చుట్టూ సన్నని బోదె తీసి, వాలుకు మళ్లించారు. వరిమడికి నీరు పెట్టడం, తీయడం చిన్నప్పటినుంచి చేసిన చేతులు కనుక బోదె వాలు ఎక్కడా తప్పలేదు, మా నేలబట్ట కిందికి నీరు రాలేదు.

ఇక పిడుగుల సంగతి. ఉత్తరాంధ్రలో వానాకాలంలో పొలాల్లో, తోటల్లో పిడుగుపాటుకు ప్రాణాలు పోవడం మనం పత్రికల్లో చదువుతూనే ఉంటాం. గుడారం పిడుగునుంచి ఏ రక్షణా ఇవ్వదు. చెట్టుకింద గుడారమైతే మరీ ప్రమాదం. ఇక్కడివారి ఫోన్లలో పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఉంది. అంతకంటె ముఖ్యంగా, తోట యజమాని శ్లాబు ఇల్లు పిలిస్తే పలికే దూరంలో ఉంది. వంట చేసే పెద్దామెను మేమంతా పిన్నీ అనే పిలిచాం. ఆమె వచ్చీరాగానే మాకు చెప్పిన మాట, “ఉరిమిందంటే గుడారంలో ఉండొద్దు బాబూ, అన్నీ వదిలేసి ఇంట్లోకి వచ్చీండి” అని. అర్ధరాత్రి ఉరుము వినబడగానే కుర్రవాళ్లు వచ్చి అందరినీ లేపి, ఇంటి వరండా దాటించి లోపలి గదిలో చాపలు పరిచి కూర్చోబెట్టారు. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా మమ్మల్ని బయటికి కదలనివ్వలేదు. కొందరికి నిద్ర చెడిందన్న విసుగు కలిగింది. నాకు మాత్రం ఆ పట్టుదల చూశాక, పిల్లల్ని తీసుకుని కూడా ఇక్కడికి రావచ్చన్న ధైర్యం కలిగింది.

శాలిహుండం కొండ చూడడానికే చాలామంది ఇక్కడ బస చేస్తారు. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు గుర్తించారు. తర్వాతి తవ్వకాల్లో స్తూపాలు, చైత్యగృహాలు (ప్రార్థనా మందిరాలు), ధాతు కరండాలు (అస్థికలు దాచిన భరిణెలు) బయటపడ్డాయి. తార, మారీచి అనే బౌద్ధ దేవతల మూర్తులు దొరకడాన్ని బట్టి, బౌద్ధంలో తాంత్రిక శాఖ అయిన వజ్రయాన కాలందాకా ఇక్కడ ఆరాధన సాగిందని తెలుస్తుంది. మెట్లబాట వెంట ఎక్కుతూ పోతే ఇటుక కట్టడాలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి, పైనుంచి వంశధార సముద్రంవైపు సాగిపోవడం కనిపిస్తుంది. మాలో చరిత్ర బోధించే మిత్రుడు, భిక్షువులు వానాకాలంలో మూడు నెలలు సంచారం మాని ఒకేచోట ఉండే వర్షావాసం గురించి అక్కడే నిలబడి చెప్పాడు. ఏడాది పొడుగునా ఊరూరా తిరిగేవారికి తలదాచుకునే చోటు కావలసిన కాలం ఇదే కదా అనుకుంటే, నల్లబడిన ఆ తడి ఇటుకల మధ్య నిలబడడం నాకు ఎండలో చూసినప్పటికంటె ఎంతో అర్థవంతంగా తోచింది.

ఈ విషయంలో కూడా బస వాళ్ల పద్ధతి మెచ్చుకోదగినది. రక్షిత కట్టడాలు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంటాయి కనుక, చీకటిపడ్డాక కొండమీదికి తీసుకువెళ్లమని ఎవరు బతిమాలినా ఒప్పుకోరు. కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అన్న చట్టం నిర్మాణాలకు సంబంధించినదే అయినా, తమ పాకలు, పొయ్యిలు ఆ హద్దు దాటిన తర్వాతే పెట్టుకున్నారు. కొండమీదికి తినుబండారాలు తీసుకుపోనివ్వరు. వానకు నానిన పాత ఇటుక అంచులు కాలు మోపితే రాలుతాయి కాబట్టి, స్తూపాల వేదికలమీదికి ఎక్కి ఫొటోలు దిగవద్దని బయలుదేరేముందే చెబుతారు. మెట్లు పాచిపట్టి జారుతున్నాయి. చెప్పులకంటె పట్టు ఉన్న బూట్లు మేలు.

భోజనం గురించి ఫిర్యాదు లేదు. తాటాకు పాకలో, కట్టెల పొయ్యిమీద వంట. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం వేడన్నంలో చేపల పులుసు. రాత్రి చారు, వేయించిన ఎండు మెత్తళ్లు. శాకాహారులకు పప్పు, పచ్చి జీడిపప్పు ఎండబెట్టి దాచినదానితో కూర చేశారు. ముసురులో ఆ చారు రుచి చెప్పనలవి కాదు. కట్టెలు ముందుగానే కప్పు కింద పేర్చి ఉంచడం వల్ల వంట ఒక్కపూట కూడా ఆలస్యం కాలేదు.

లోపాలు ఉన్నాయి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి గాని గుడారాలకు దూరం. దారిలో దీపాలు చాలవు, వానలో రాత్రిపూట ఆడవాళ్లకు, పెద్దవయసు వారికి అది నిజమైన ఇబ్బంది. సోలార్ దీపాలు ముసురు పట్టిన మర్నాటికి మసకబారాయి. బ్యాటరీ లాంతర్లు అదనంగా ఉంచవలసింది. పరుపులు, దిండ్లు చెమ్మవాసన వేశాయి. మనిషికి రాత్రికి 800 రూపాయలు, భోజనాలు కలిపి, తీసుకుంటున్నప్పుడు పొడి దుప్పటి ఆశించడం అత్యాశ కాదు. ప్రస్తుతానికి ఎవరి దుప్పటి వారు ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకోవడం మంచిది. టార్చిలైటు, మారుబట్టలు, జలగలకు కొంచెం ఉప్పు కూడా వెంట ఉండాలి.

సగం సొమ్ము ముందుగా పంపాలి. వాతావరణం కారణంగా వాళ్లు రద్దు చేస్తే మొత్తం తిరిగి ఇస్తారు. మనం మానుకుంటే మరో తేదీకి మారుస్తారు గాని డబ్బు ఇవ్వరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వెళ్లాలనుకునేవారు ఈ రెండో షరతు చూసుకుని, బయలుదేరే రోజు పొద్దున మరోసారి ఫోన్ చేసి, రెండు పొరల గుడారం తమకే ఉంచారని తేల్చుకున్నాకే బండెక్కాలి.