ఎక్కుడు దారులు వెతికే యాప్‌లు, మ్యాపులు: చాలాకాలం వాడాక ఏది నిలిచింది, ఏది తేలిపోయింది

సైకిలు మీద చెమటలు పట్టించే కొండదారి కావాలంటే చాలామంది ముందు తెరిచేది స్ట్రావా. సెగ్మెంట్ల (వాడేవాళ్లు గుర్తుపెట్టిన రోడ్డు ముక్కల) మ్యాపులోకి వెళ్లి, ఎక్కుడు స్థాయి కేటగిరీ 3 అనో 2 అనో ఉన్నవాటిని ఏరుకుని బయల్దేరతారు. ఏళ్ల తరబడి అలా వాడాక తేలిందేమిటంటే, ఎక్కుడు ఎంత కఠినమో ఆ కేటగిరీ చెప్పదు.

లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. సెగ్మెంట్ పొడవును మీటర్లలో తీసుకుని సగటు వాలు శాతంతో గుణిస్తారు. 8,000 దాటితే కేటగిరీ 4, 16,000కి 3, 32,000కి 2, 64,000కి 1, 80,000 దాటితే హెచ్‌సీ, అంటే కేటగిరీలకు మించినది. సగటు వాలు కనీసం 3 శాతం ఉండాలి. పొడవును వాలుతో గుణిస్తే వచ్చేది ఎక్కిన ఎత్తే, వందరెట్లు చేసి చూపిస్తున్నారంతే. 8 శాతంతో 2 కి.మీ. సాగే దారికీ, 4 శాతంతో 4 కి.మీ. సాగే దారికీ ఒకే అంకె వస్తుంది, రెండింట్లోనూ ఎక్కేది 160 మీటర్లే కాబట్టి. రెండోది కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేయొచ్చు. మొదటిదాంట్లో చిన్న గేరు లేనివాళ్లు దిగి నెట్టుకోవాల్సిందే.

నెదర్లాండ్స్ సైక్లింగ్ పత్రిక ఫీట్స్ పేరుతో వాడుకలో ఉన్న సూచిక ఇంతకంటే నయం. ఎక్కే ఎత్తును దానితోనే గుణించి, పొడవుకు పదిరెట్లతో భాగించాలి, రెండూ మీటర్లలోనే. శిఖరం 1,000 మీటర్లు దాటితే పైనున్న ప్రతి 1,000 మీటర్లకూ ఒక పాయింటు కలపాలి. పై రెండు దారులకూ వేస్తే మొదటిదానికి 1.28, రెండోదానికి 0.64 వస్తాయి. కాళ్లకు తెలిసే తేడా అంకెల్లోనూ కనిపిస్తుంది.

అయితే దీన్ని కూడా సగటు మోసం చేస్తుంది. 3 కి.మీ. దారిలో మొదటి కిలోమీటరు 9 శాతం ఎక్కుడు, నడిమిది 2 శాతం దిగుడు, చివరిది 8 శాతం ఎక్కుడు అనుకోండి. సగటు 5 శాతం అని చూపిస్తారు. అది చూసి ఓ మోస్తరు దారే అనుకుని వెళ్తే, అక్కడ ఉన్నది రెండు గట్టి గోడలు, మధ్యలో ఊపిరి తీసుకునే జాగా. అందుకే చూడాల్సిన అంకె ఒక్కటే: ఆ దారిలో అతి కష్టమైన 500 మీటర్ల సగటు వాలు. గరిష్ఠ వాలు అని వేసే అంకెను మాత్రం పట్టించుకోనక్కర్లేదు, అది చాలాసార్లు డేటా దోషమే.

ఈ 500 మీటర్ల లెక్కకు రైడ్ విత్ జీపీఎస్ అనే రూటు గీసే సైటు బాగా పనికొస్తుంది. రూటు గీసి, కింద వచ్చే ఎత్తుల గ్రాఫులో ఒక ముక్కను మౌసుతో లాగి ఎంచుకుంటే ఆ ముక్క పొడవు, ఎక్కే ఎత్తు, సగటు వాలు విడిగా చూపిస్తుంది. బాగా నిటారుగా కనిపించే చోట 500 మీటర్ల ముక్కను అటూ ఇటూ జరుపుతూ చూస్తే రెండు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. కొమూట్ అనే మరో రూటు యాప్‌లో రోడ్డు రకం, ఉపరితలం వివరాలు బాగుంటాయి గానీ ఈ పనికి అంత వీలుగా ఉండదు. క్లైంబ్‌ఫైండర్ సైటులో ఎక్కుళ్లను ముక్కలుగా విడగొట్టి వాలుకో రంగు వేసి పెడతారు, చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే జాబితా ఐరోపాలో దట్టంగా ఉన్నంతగా మిగతాచోట్ల ఉండదు.

ఇక్కడ ఒక చిక్కుంది. రూటు గీసినప్పుడు కనిపించే ఎత్తులు ఎవరూ రోడ్డు మీద నిలబడి కొలిచినవి కావు. ఇలాంటి పటాల్లో చాలావాటికి ఆధారం ఉపగ్రహ, రాడార్ కొలతలే. వాటిలో బాగా తెలిసినది 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ నుంచి తీసిన ఎస్ఆర్‌టీఎం. దాంట్లో ఒక్కో గడి వెడల్పు దాదాపు 30 మీటర్లు. కొండను చెక్కి వేసిన రోడ్డు మహా అయితే 6, 7 మీటర్లు ఉంటుంది. 30 డిగ్రీల చరియ మీద వెళ్లే రోడ్డును మ్యాపులో 10 మీటర్లు పక్కకు గీశారంటే ఎత్తు దాదాపు 6 మీటర్లు మారిపోతుంది. 50 మీటర్ల దూరంలో అలా జరిగితే 12 శాతం దొంగ వాలు పుట్టుకొస్తుంది. మలుపుల ఘాట్ రోడ్లలో 25 శాతం, ఆ వెంటనే దిగుడు, మళ్లీ 20 శాతం అని రంపపు పళ్లలా కనిపిస్తే కారణం ఇదే. వంతెన ఉన్నచోట లోయలోకి దిగి ఎక్కినట్టు, సొరంగం ఉన్నచోట కొండ మీదుగా వెళ్లినట్టు చూపించడం కూడా ఈ కోవలోదే. రాడార్ దట్టమైన చెట్ల తలలనే నేలగా కొలిచిన చోట్లా ఉంటాయి కాబట్టి, అడవి మొదలయ్యేచోట ఉన్నట్టుండి లేచే మెట్టును నమ్మకూడదు.

ఈ దోషాలను పట్టుకోవడానికి పాత పద్ధతే గట్టిది: కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) లెక్కపెట్టడం. ఓపెన్‌టోపోమ్యాప్ అనే ఆన్‌లైన్ పటం ఉచితం, గీతలు స్పష్టంగా ఉంటాయి. ముందుగా గీతల మధ్య ఎత్తు ఎంతో తెలుసుకోవాలి, పక్కపక్క గీతల మీది అంకెల తేడా చూస్తే చాలు. తేడా 20 మీటర్లయితే, 1 కి.మీ. రోడ్డు 5 గీతలను దాటితే 10 శాతం, 3 దాటితే 6 శాతం. రోడ్డు గీతల వెంటే పాకుతుంటే దాదాపు సమతలం, ఎంత ఎత్తైన కొండ పక్కనుంచి వెళ్లినా సరే. ఆ గీతలు కూడా అదే డేటాలోంచి వచ్చినవే అనొచ్చు, నిజమే. కానీ కిలోమీటరు పొడవున లెక్కపెడితే చిన్న తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 50 మీటర్ల గ్రాఫులో ఆ అవకాశం లేదు.

సెగ్మెంట్లే లేని ప్రాంతాల్లో ఈ మ్యాపు అసలు బలం బయటపడుతుంది. కొండ మీద టవరు గుర్తు కనిపిస్తే చాలావరకు దాని దాకా రోడ్డు ఉంటుంది, ఆ సామాను మోసే లారీలు ఎక్కాలి కదా. అలాంటి రోడ్లు వాహనాలు తిరగక ఖాళీగా, నిటారుగా ఉంటాయి. నీళ్ల ట్యాంకులు, ఆనకట్ట పైకి వెళ్లే దారులు కూడా అంతే. కొత్త హైవే కొండను తొలిచి వెళ్తుంటే పక్కనే మెలికలు తిరిగే పాత రోడ్డు కోసం వెతకండి, అసలు ఎక్కుడు దానిలోనే మిగిలి ఉంటుంది. రైలు పట్టాల పక్కనే సాగే రోడ్లలో మాత్రం వెతకడం వృథా. మామూలు రైలు మార్గాలకు 2, 3 శాతం వాలే ఎక్కువ. లోయ వెంబడి వెళ్లే రోడ్డు కంటే లోయను అడ్డంగా దాటే రోడ్డుకే మీ పిక్కలు గుర్తుంచుకునే వాలు ఉంటుంది.

దారి దొరికాక, జనం ఎక్కువగా తిరిగిన రోడ్లను వెలిగించి చూపే స్ట్రావా హీట్‌మ్యాపు చూడటం మంచిది. కొండపైన ఆగిపోయే రోడ్డు మీద సన్నటి గీత వెలుగుతుంటే ఎవరో సైకిలు మీద వెళ్లొచ్చారన్నమాట. పూర్తిగా చీకటిగా ఉంటే గేటో, రాళ్లో, ప్రవేశ నిషేధమో ఉందని అనుమానించాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ రోడ్డును నొక్కితే ఉపరితలం, ప్రవేశ అనుమతి లాంటి వివరాలు ఎవరైనా నింపి ఉంటే కనిపిస్తాయి. స్ట్రావా నుంచి విడదీయలేని మంచి పని ఈ హీట్‌మ్యాపే. సెగ్మెంట్లు మాత్రం ఎవరికి తోచినచోట వాళ్లు గీసినవి. ఎక్కుడు మొదలవకముందే కిలోమీటరు సమతలాన్ని కలిపేస్తే సగటు పడిపోతుంది. శిఖరానికి 200 మీటర్ల ముందే ఆపేస్తే అసలు కష్టం లెక్కలోకే రాదు. ఒకే కొండకు నాలుగు సెగ్మెంట్లు కనిపిస్తే అన్నిటికంటే పొడవైనదాన్ని కాకుండా, మొదలూ చివరా సరిగ్గా వాలు మారేచోట ఉన్నదాన్ని ఎంచుకోండి. మ్యాపును దూరం నుంచి చూస్తే కొన్నే కనిపిస్తాయి, దగ్గరకు లాగితే మిగతావి బయటపడతాయి.

గార్మిన్ సైకిలు కంప్యూటర్లలోని క్లైంబ్‌ప్రో దారిలో సాయపడే సదుపాయం, వెతకడానికి పుట్టింది కాదు. మిగిలిన దూరం, మిగిలిన ఎత్తు చూపించడం వల్ల శక్తిని పొదుపుగా వాడుకోవచ్చు. అది ముందుగా చూపించే వాలు మాత్రం రూటు ఫైలులోనో మ్యాపులోనో ఉన్న ఎత్తుల మీదే ఆధారపడుతుంది, కాబట్టి పైన చెప్పిన దొంగ వాలు ఇక్కడా ఎర్రరంగులో భయపెడుతుంది. ఎత్తు కొలిచే గాలిపీడనపు సెన్సరుదీ వేరే తంటా. సముద్రమట్టం దగ్గర 1 హెక్టోపాస్కల్ మారితే దాదాపు 8 మీటర్ల తేడా, కాబట్టి వాతావరణం మారే రోజున ఒకే కొండను రెండుసార్లు ఎక్కినా ఒకే ఎత్తు రాదు. సెన్సరు రంధ్రంలో వాననీరో చెమటో చేరితే ఎత్తు కదలకుండా నిలిచిపోతుంది. ఒకే చిన్న కొండను పదేపదే ఎక్కి 8,848 మీటర్లు పూర్తిచేసే ఎవరెస్టింగ్‌కు ఇది పెద్ద విషయం. 40 మీటర్ల కొండను 222 సార్లు ఎక్కాలి. కొలతలో 3 మీటర్ల తప్పుంటే మొత్తం 666 మీటర్ల దాకా తేలుతుంది.

వాలు తెలిశాక గేరు లెక్క చూసుకోవాలి, చాలా సమీక్షల్లో ఇది ఉండదు. ముందు పళ్లచక్రానికి (చైన్‌రింగుకు) 34 పళ్లు, వెనక దానికి 28 ఉంటే, నిమిషానికి 60 తొక్కుళ్లకు వేగం గంటకు 9 కి.మీ. పైమాటే. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలైతే 10 శాతం వాలులో దానికి దాదాపు 215 వాట్లు కావాలి. వెనక 34 పళ్లుంటే అవే తొక్కుళ్లకు 175 నుంచి 180 వాట్లు సరిపోతాయి. అతి కష్టమైన 500 మీటర్లు 10 శాతం దాటుతున్నాయని తెలిస్తే, దారి మార్చుకోవడం కంటే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) మార్చుకోవడం తేలిక. కాకపోతే గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే వెనక డీరేలర్ అంత పెద్ద పళ్లచక్రాన్ని తీసుకుంటుందో లేదో, గొలుసు పొడవు చాలుతుందో లేదో ముందే చూడాలి. పొట్టి గొలుసుతో ముందు పెద్ద చైన్‌రింగు, వెనక పెద్ద పళ్లచక్రం కలిపారంటే డీరేలర్ విరగొచ్చు.

చివరగా, దిగేదారిని కూడా మ్యాపులోనే చూసుకోండి. టవరు రోడ్లు ఎక్కినదారినే దిగాలి. ఎక్కేటప్పుడు గులకరాళ్లు, గుంతలు ఏ మలుపులో ఉన్నాయో చూసి పెట్టుకుంటే దిగేటప్పుడు అక్కడికి ముందే వేగం తగ్గించొచ్చు. తడి రోడ్డు మీద 12 శాతం దాటితే లేచి నిలబడి తొక్కకండి, బరువు ముందుకు పోయి వెనక చక్రం జారుతుంది.