రాగి పైపు జే-పోల్: ఎండా వానా చూశాక

హామ్ రేడియోలో (అభిరుచిగా నడిపే రేడియో) రెండు మీటర్ల బ్యాండు, అంటే 145 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల కోసం సగం అంగుళం రాగి పైపుతో నేనే కట్టుకున్న జే-పోల్ యాంటెన్నా కొన్నేళ్లుగా స్తంభం మీదే ఉంది. అంటే ఇది కట్టిన మొదటివారం హుషారులో రాస్తున్నది కాదు. ముందే తేల్చి చెప్పేస్తాను: యాంటెన్నా మంచిదే, మళ్లీ కట్టాల్సొచ్చినా ఇదే కడతాను, కానీ దీనికొచ్చిన పేరులో సగం ఎత్తుకీ కేబుల్‌కీ చెందాల్సింది.

జే-పోల్‌కి గెయిన్ (సిగ్నల్‌ని ఒక వైపుకి కూడగట్టి పెంచే శక్తి) బాగా ఎక్కువని చాలామంది అంటుంటారు. అదేం లేదు. పైన అర్ధ తరంగం పొడవున్న రేడియేటర్ (సిగ్నల్ వెదజల్లే కడ్డీ), కింద దాన్ని కేబుల్‌కి మ్యాచ్ చేయడానికి పావు తరంగం స్టబ్ (అడుగున కలిసే రెండు సమాంతర కడ్డీలు), అంతే. డైపోల్‌ని, అంటే మామూలు అర్ధ తరంగం యాంటెన్నాని, నిలువుగా నిలబెట్టి కింది చివర నుంచి ఫీడ్ ఇచ్చినట్టు. 1909లో జర్మనీలో ఎయిర్‌షిప్‌ల నుంచి వేలాడదీయడానికి పేటెంట్ తీసుకున్న జెప్పెలిన్ యాంటెన్నా నుంచే ఇది వచ్చింది. హ్యాండీ (చేతి రేడియో) మీది రబ్బరు యాంటెన్నా వదిలి దీనికి మారినవాళ్లకి ప్రపంచం మారిపోయినట్టే ఉంటుంది, కాదనను. కానీ అదే ఎత్తులో ఓ కనెక్టరు, అయిదు తీగలతో చేసిన పావు తరంగం గ్రౌండ్ ప్లేన్ (ఒక నిలువు తీగ, దాని కింద చుట్టూ రేడియల్స్ అనే నాలుగు తీగలు) పెట్టినా ఇంచుమించు అంతే వస్తుంది. రెండూ ఒకే స్తంభం మీద మార్చి మార్చి పెట్టి దూరపు రిపీటర్‌ని (సిగ్నల్‌ని అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) విన్నాను, ఎస్-మీటర్‌లో (సిగ్నల్ బలం చూపేది) తేడా కనిపెట్టడమే కష్టమైంది. అయినా జే-పోల్‌నే ఎందుకు ఉంచానంటే రేడియల్స్ గొడవ లేదు, గాలికి పెద్దగా ఊగదు, కింది భాగాన్ని నేరుగా ఇనప స్తంభానికే బిగించేయొచ్చు.

145 మెగాహెర్ట్జ్‌కి పొడుగు కడ్డీ 148 సెం.మీ. దగ్గర, పొట్టిది 49 దగ్గర, రెంటి మధ్య ఎడం 5 సెం.మీ. చొప్పున మొదలుపెట్టొచ్చు. పైపు లావు, ఎడం మారితే లెక్క కొంచెం మారుతుంది కాబట్టి పొడుగు కడ్డీని రెండు సెంటీమీటర్లు ఎక్కువే ఉంచుకోవాలి, కోయడం తేలిక, అతకడం కష్టం. కేబుల్ తగిలించే చోటు కింది అడ్డ కడ్డీకి 5, 6 సెం.మీ. పైన వస్తుంది. దాన్ని వెంటనే టంకం పెట్టేయకుండా హోస్ క్లాంపులతో (స్క్రూతో బిగిసే లోహపు పట్టీలు) బిగించి పైకీ కిందకీ జరుపుతూ చూడాలి. క్లాంపు పైకి జరిగితే ఇంపెడెన్స్ (సిగ్నల్ కరెంటుకి ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) పెరుగుతుంది, కిందకి వస్తే తగ్గుతుంది, ఇక్కడ అర సెంటీమీటరు కూడా మీటర్ మీద స్పష్టంగా తెలుస్తుంది. పొడవు విషయంలో అంత నాజూకు లేదు, అర్ధ తరంగంలో ఒక సెంటీమీటరు కోస్తే ఫ్రీక్వెన్సీ దాదాపు ఒకటిన్నర మెగాహెర్ట్జ్ పైకి పోతుంది. క్లాంపూ పొడవూ ఒకదాన్నొకటి లాగుతాయి, అందుకని ముందు క్లాంపు, తర్వాత పొడవు, మళ్లీ క్లాంపు. నానోవీఎన్‌ఏ (యాంటెన్నాని కొలిచే చిన్న పరికరం) ఉంటే ఇదంతా ఒక పూట పని. మామూలు ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే అంకె, 1 అంటే ఏమీ రావట్లేదని) మీటరుతోనూ అవుతుంది, ఓపిక కావాలి. యాంటెన్నాని నేలమీద పడుకోబెట్టి, గోడకి ఆనించి ట్యూన్ చేస్తే ఆ అంకెలు ఎందుకూ పనికిరావు. చుట్టూ కనీసం రెండు మీటర్లు ఖాళీ ఉండాలి, చదివేటప్పుడు మనిషి కూడా పక్కకి జరగాలి.

ఇక అసలు సంగతి, ఎస్‌డబ్ల్యూఆర్ పిచ్చి. 1.5 వస్తే వెనక్కి వచ్చేది 4 శాతం పవర్, 2 వస్తే 11 శాతం. 1.3ని 1.1 చేయడానికి మళ్లీ మళ్లీ స్తంభం ఎక్కేవాళ్లు కేబుల్ గురించి ఒక్క మాట అడగరు! ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ 15 మీటర్లు లాగితే ఈ బ్యాండులో పోయేది 3 డెసిబెల్ దాకా, అంటే సగం పవర్ దారిలోనే వేడైపోతుంది. అదే పొడవులో లావాటి ఆర్‌జీ-213 వేస్తే ముప్పావు వంతు దాకా పైకి చేరుతుంది. పైగా నాసి కేబుల్ ఎస్‌డబ్ల్యూఆర్‌ని అందంగా చూపిస్తుంది, ఎందుకంటే వెనక్కి వచ్చే పవర్‌ని కూడా అదే తినేస్తుంది. ఆ 15 మీటర్ల ఆర్‌జీ-58 చివర యాంటెన్నా దగ్గర 2 ఉంటే రేడియో దగ్గర 1.4 కనిపిస్తుంది. అసలు యాంటెన్నానే ఊడదీసేసినా 3 చుట్టూ చూపిస్తుంది. డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు తగిలించే, పవర్‌ని వేడి చేసేసే రెసిస్టర్) 1.0 వస్తుంది, దాంతో ఎవరితో మాట్లాడతాం?

నా సెటప్‌లో ఇది కళ్లారా చూశాను. వానాకాలం పోయాక ఎస్‌డబ్ల్యూఆర్ మెల్లగా బాగుపడుతూ వచ్చింది, అదే సమయంలో దూరపు స్టేషన్లు నీరసంగా వినిపించసాగాయి. కనెక్టరు విప్పితే లోపల అల్లిక (కేబుల్ చుట్టూ ఉండే సన్న తీగల వల) నల్లబడి పొడిపొడిగా ఉంది, చాకుతో తొడుగు చీల్చుకుంటూ పోతే ఓ జానెడు దాకా అదే నలుపు. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకి ఎండి పగిలిపోతుంది, సందులోంచి నీళ్లు దిగి అల్లిక వెంట పాకుతాయి. సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు వేశాక ఆ బెడద మళ్లీ రాలేదు. కనెక్టరు కింద కేబుల్‌ని ఒక వంపు తిప్పి వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. రాగి మాత్రం గోధుమరంగు, తర్వాత అక్కడక్కడా పచ్చ, దానివల్ల పనితనంలో ఏ తేడా లేదు, తోమాల్సిన పనీ లేదు. పైపు పై చివర తెరిచి వదిలేస్తే గట్టి గాలికి ఈల వేస్తుంది, రాత్రిపూట భలే చిరాకు. మూత పెట్టాలి, మూత లోహానిదైతే అది పెట్టాకే ట్యూన్ చేయాలి.

చోక్ (కేబుల్ అల్లిక బయటివైపు పాకే కరెంటుని ఆపేది) సంగతి చాలా గైడ్లలో ఒక వాక్యంలో తేల్చేస్తారు, నా మటుకు అది తప్పనిసరి. ఫీడ్ పాయింట్ (కేబుల్ తగిలించే చోటు) కిందే కేబుల్‌ని నాలుగైదు చుట్లు చుట్టండి, లేదా ఫెరైట్ రింగులు ఎక్కించండి. లేకపోతే కేబుల్ అల్లిక కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. పరీక్ష తేలిక: మీటర్ చూస్తూ కేబుల్‌ని చేత్తో పట్టుకుని కిందకి జరపండి, అంకె కదిలితే చోక్ చాలలేదని అర్థం.

435 మెగాహెర్ట్జ్‌లో కూడా మీటర్ బాగానే చూపిస్తుంది, దాన్ని చూసి డ్యూయల్ బ్యాండ్ (రెండు బ్యాండ్లకీ పనికొచ్చేది) అనుకోకండి. అక్కడ రేడియేటర్ ఒకటిన్నర తరంగం అవుతుంది, సిగ్నల్ చాలావరకు ఆకాశం వైపు పోతుంది. దగ్గరి రిపీటర్‌కి పర్లేదు. ఐఎస్ఎస్‌ని (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) 145.800 మెగాహెర్ట్జ్‌లో వింటే అది దిగంతానికి కాస్త పైన ఉన్నప్పుడు బ్రహ్మాండంగా, సరిగ్గా నెత్తిమీదకి వచ్చాక వీక్‌గా వినిపిస్తుంది. నిలువు యాంటెన్నా నుంచి నెత్తిమీద అంతకంటే ఆశించలేం. ఎస్‌ఎస్‌బీ (మాటలు పంపే ఇంకో ప్రసార పద్ధతి) వాళ్లు అడ్డంగా ఉన్న యాగీలు (ఒకే దిశకి గురిపెట్టే యాంటెన్నాలు) వాడతారు కాబట్టి వాళ్లని అందుకోవాలంటే ఇది చాలదు, పోలరైజేషన్ (తరంగం నిలువా అడ్డమా అన్నది) తేడాకే 20 డెసిబెల్ దాకా పోతుంది.

కింది చివర షార్ట్ అయి ఉండటంతో స్టాటిక్ చేరదు, కానీ అది పిడుగుకి రక్షణ కాదు. ఉరుములు మొదలవ్వకముందే కేబుల్ ఊడదీసి బయట పెట్టేస్తాను.

టంకం పని కొత్త అయినవాళ్లు గ్రౌండ్ ప్లేన్‌తో మొదలుపెట్టండి, రేడియల్స్‌ని 45 డిగ్రీలు కిందకి వంచితే కేబుల్‌కి కావలసిన 50 ఓమ్‌లకి దగ్గరగా వచ్చేస్తుంది. మిగిలిన డబ్బు మంచి కేబుల్ మీదా, ఇంకో రెండు మీటర్ల స్తంభం మీదా పెట్టండి.