అరఠావు దరఖాస్తు, చెంబులో చీటీలు: ఐదు శిబిరాలకు వాడిన తర్వాత

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెబుతాను. ఏటా వేసవిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మేము ఐదు రోజుల సైన్స్, ఇంజినీరింగ్ శిబిరం నడుపుతాం. 60 సీట్లు. వసతి, భోజనం, ప్రయాణం ఖర్చులన్నీ మావే. పిల్లలను చేర్చుకునే బాధ్యత 2017 నుంచి నాది. మొదటి రెండేళ్లు ఆన్‌లైన్ ఫారం వాడాను. 2019లో దాన్ని పక్కన పెట్టి, అరఠావు కాగితం మీద దరఖాస్తు, చీటీలతో ఎంపిక అనే పద్ధతికి మారాను. కరోనా వల్ల 2020, 2021లలో శిబిరం లేదు. అవి పోగా ఐదు శిబిరాలకు ఇదే పద్ధతి. మిగతా కళాశాలల్లో ఇలాంటి శిబిరాలు పెట్టే మిత్రులు "అన్ని రకాల పిల్లలూ రావాలనుకుంటాం, ఎప్పుడూ ఆ పిల్లలే వస్తారు" అని నాతో చెప్పుకుంటూ ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని, మంచీ చెడూ దాచకుండా రాస్తున్నాను.

ముందు ఆన్‌లైన్ ఫారం సంగతి. ఉదయం తొమ్మిదింటికి తెరిస్తే మధ్యాహ్నానికి సీట్లు నిండిపోయేవి. ఎంత ఆదరణ అని మేమందరం పొంగిపోయాం. శిబిరం మొదటి రోజు పిల్లల పక్కన కూర్చుని మాట్లాడాక గానీ నాకు తెలిసిరాలేదు. ఎక్కువమంది మా చుట్టుపక్కల కాలనీల వాళ్లే. అధ్యాపకుల పిల్లలు, డాక్టర్ల పిల్లలు, బ్యాంకు ఉద్యోగుల పిల్లలు. చురుకైన పిల్లలు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రాన్ని అప్పటికే నాలుగైదుసార్లు చూసినవాళ్లు వాళ్లు. కుప్పం నుంచి ఒక్కరు లేరు. సత్యవేడు నుంచి లేరు. గురుకులాల నుంచి లేరు. ఆడపిల్లలు మూడో వంతుకు కూడా చేరలేదు.

ఆ రాత్రి ఫారాన్ని మళ్లీ తెరిచి చదువుకున్నాను. ఈమెయిలు చిరునామా తప్పనిసరి. ఆధార్ కాపీ జతచేయాలి. గత పరీక్షలో మార్కుల శాతం రాయాలి. సైన్స్ అంటే ఎందుకు ఇష్టమో 200 పదాల్లో ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్కో గడి ఒక్కో రకం పిల్లలను గుమ్మం దగ్గరే ఆపేసింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను తెల్లవారుజామున నాన్నతో పాటు లారీ ఎక్కి వెళ్లిపోయే ఇంటి పిల్ల, తొమ్మిదింటికి తెరుచుకుని పన్నెండింటికి మూతపడే ఫారాన్ని ఎప్పుడు నింపుతుంది? మేము తలుపులు తెరిచే ఉంచాం, వాళ్లే రాలేదు అని అనుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆ ఫారం తయారు చేసింది నేనే.

ఇప్పుడు వాడుతున్న కాగితం ఏ-ఫోర్‌ను సగానికి కోస్తే వచ్చేది. పసుపు రంగు. ప్రధానోపాధ్యాయుల బల్ల మీద తెల్ల కాగితాల దొంతరలు ఉంటాయి, వాటిలో తెల్లది కలిస్తే ఇక కనిపించదు. ఒక వైపు తెలుగు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు పంపేవాటికి వెనక తమిళం కూడా. మొత్తం ఆరు గీతలు: పేరు; తరగతి; ఊరు, బడి; ఇంట్లో ఎవరితో మాట్లాడాలి, ఏ వేళకు దొరుకుతారు; నడవడానికి, చూడడానికి, వినడానికి ఏదైనా సాయం కావాలా; ఇప్పటివరకు నువ్వు విప్పి చూసిన వస్తువు ఏమిటి. అంతే. మార్కులు అడగం. ఆధార్ అడగం. కులం గడి పెట్టలేదు, తరగతిలో పక్కవాళ్లు చూస్తుండగా పిల్లలు అది రాయవలసిన అవసరం లేదు. దానికి బదులు కాగితాలు ఏ బడులకు వెళ్లాలో మేమే జాగ్రత్తగా ఎంచుకుంటాం: సాంఘిక సంక్షేమ గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు, మారుమూల మండలాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు, కొన్ని ప్రైవేటు బడులు. సీట్లు కూడా ముందే బడులకు పంచేస్తాం.

ఈ కాగితం విలువంతా ఆరో గీతలో ఉంది. మొదట దాన్ని ఏదో సరదాగా పెట్టాను. ఇప్పుడు అది లేని దరఖాస్తును ఊహించలేను. సైకిల్ డైనమో, టేబుల్ ఫ్యాను, మిక్సీ, గోడగడియారం, మరమగ్గం, చేతి టార్చి. ఒక అమ్మాయి "చచ్చిపోయిన తూనీగ" అని రాసింది. కార్వేటినగరం వైపు నుంచి వచ్చిన ఒక కాగితం మీద పెన్సిలుతో ఇలా ఉంది: "బోరు మోటారు స్టార్టరు. రెండుసార్లు షాక్ కొట్టింది. మూడోసారి ఫ్యూజులు పీకి విప్పాను." 200 పదాల ఇంగ్లీషు వ్యాసాల్లో ఇంత స్పష్టంగా తన గురించి చెప్పుకున్న పిల్లలను నేను చూడలేదు.

కాగితాలను ప్రధానోపాధ్యాయులకు పంపే ఉత్తరంలో మాట చాలా ముఖ్యం. మొదటి ఏడాది "ప్రతిభావంతులైన విద్యార్థులను పంపగలరు" అని రాశాం. ప్రతి బడి నుంచీ ఫస్టు ర్యాంకు పిల్లలే వచ్చారు. క్విజ్ పోటీకీ వాళ్లే, వ్యాసరచనకూ వాళ్లే, మా శిబిరానికీ వాళ్లే. ఉపాధ్యాయులది తప్పు కాదు, మనం అడిగినదే వాళ్లు ఇచ్చారు. తర్వాతి ఏడాది నుంచి మాట మార్చాం: కుదురుగా కూర్చోకుండా ఏదో ఒకటి విప్పుతూ ఉండేవాళ్లకు, ప్రశ్నలతో విసిగించేవాళ్లకు, ఇంతవరకు ఏ పోటీకీ వెళ్లనివాళ్లకు ఈ కాగితం తప్పక ఇవ్వండి. ఒక మాస్టారు ఫోన్ చేసి, "అలాంటివాడు ఒకడున్నాడు మేడమ్, పంపితే మీరు తట్టుకుంటారా?" అని అడిగారు. పంపించారు. మా ప్రయోగశాలలో మూడేళ్లుగా మూలన పడి ఉన్న డోలనదర్శినిని (ఆసిలోస్కోపును) ఆ అబ్బాయి, మా పరిశోధక విద్యార్థిని కలిసి రెండు సాయంత్రాల్లో బాగుచేశారు.

ఇక చీటీలు. ప్రార్థన సమయంలో అందరి ఎదుటా రెండు స్టీలు చెంబులు పెడతాం, ఒకదానిలో అమ్మాయిల పేర్లు, ఇంకోదానిలో అబ్బాయిల పేర్లు. ఆరో తరగతి పిల్లలతో తీయిస్తాం. పేరు రాని ఎనిమిదో తరగతి పిల్లలకు మరుసటి ఏడాది రెండు చీటీలు వేస్తాం. సిఫారసు ఫోన్లు దీనితో పూర్తిగా ఆగిపోయాయి. "మా అమ్మాయికి ఎందుకు రాలేదు" అని అడిగే తల్లిదండ్రులు కూడా చెంబు చూశాక ఊరుకుంటారు.

కానీ చెంబుకు కళ్లు లేవు. స్టార్టరు విప్పిన అమ్మాయి పేరు రాలేదు. ఆమెది తొమ్మిదో తరగతి, అంటే మరుసటి ఏడాది అవకాశం లేదు. నియమం నియమమే అని ఆ ఏడాది ఊరుకున్నాను. ఆ నిర్ణయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. 2023 నుంచి 60 సీట్లలో ఐదింటిని చెంబుకు బయట ఉంచాం. ముగ్గురం కూర్చుని, పేరూ బడీ కనిపించకుండా మడిచిన కాగితాల్లో ఆరో గీత మాత్రమే చదివి ఆ ఐదుగురిని ఎంచుకుంటాం. మొత్తం చీటీలే వాడతాననేవారికి నా సలహా: ఈ చిన్న కిటికీ తెరిచి ఉంచండి.

పేరు వచ్చినంత మాత్రాన పిల్ల వస్తుందని కాదు. 2019లో చీటీలో పేరు వచ్చి కూడా శిబిరానికి రానివాళ్లలో దాదాపు అందరూ ఆడపిల్లలే. అప్పటినుంచి మేము ఊళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడుతున్నాం. నాలుగో గీత ఉన్నది అందుకే. పగలు వెళితే కూలికి వెళ్లిన తల్లి ఉండదు. రాత్రి ఏడు దాటాక, అంగన్‌వాడీ అరుగు మీదనో రచ్చబండ దగ్గరో కూర్చుంటాం. వాళ్లు అడిగే ప్రశ్నల్లో సైన్స్ ఉండదు. ఒక తల్లి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా విని, చివర్లో అడిగింది: "పిల్లలు పడుకునే గదికి గడియ లోపల ఉంటుందా మేడమ్, బయట ఉంటుందా?" లోపలే ఉంటుందని చెప్పాను. మర్నాడు వసతిగృహానికి వెళ్లి ఒక్కో తలుపూ వేసి చూశాను. రెండు గదులకు లోపలి గడియ ఊడిపోయి ఉంది. ఆ రోజే వడ్రంగిని పిలిపించి బిగించాం. నేను రాసిన ఏ కరపత్రంలోనూ గడియ గురించి ఒక్క మాట లేదు. ఇప్పుడు మొదటి వాక్యమే అది.

ఇంకో తల్లి, "అన్నీ ఉచితం అంటున్నారు, తర్వాత ఏమి అడుగుతారు?" అంది. న్యాయమైన అనుమానం. ఉచితం అని వచ్చి తర్వాత ఫీజు కట్టించుకున్నవాళ్లను ఆ ఊరు చూసే ఉంటుంది. నేను చెప్పిన జవాబు కంటే, నాతో వచ్చిన పాత శిబిరం అమ్మాయి జవాబు బాగా పనిచేసింది. "నన్ను ఏమీ అడగలేదు అత్తా. వచ్చేటప్పుడు ఒక టార్చి కూడా చేసుకుని తెచ్చుకున్నాను" అని సంచిలోంచి తీసి వెలిగించి చూపింది. అప్పటినుంచి పాత శిబిరం పిల్ల తోడు లేకుండా ఏ ఊరికీ వెళ్లడం లేదు. శ్రీకాళహస్తి దగ్గరి యానాది కాలనీలో మా మాట వినిపించింది కూడా ఆ కాలనీ నుంచే ముందు ఏడాది వచ్చిన అబ్బాయి వల్లే.

తేదీల విషయంలో పెద్ద పొరపాటు చేశాం. 2019లో శిబిరాన్ని మే నెలలో గంగ జాతర వారంలో పెట్టాం. తాతయ్యగుంట గంగమ్మకు చాటింపు వేశాక తిరుపతివాళ్లు ఊరు దాటకూడదంటారు. ఇంటినిండా చుట్టాలు, పిల్లలకు వేషాలు. బైరాగి వేషం కట్టిన పిల్లవాడిని ప్రయోగశాలలో కూర్చోబెట్టాలని ఎవరనుకుంటారు? జాతర అయ్యాక చూద్దామంటే బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి కోతలు మొదలవుతాయి, ఇంటిల్లిపాదీ తోటల్లో ఉంటారు. ఇప్పుడు బడులు మూసిన వెంటనే, ఏప్రిల్ చివరి వారంలోనే పెడుతున్నాం. ఎండ ఎక్కువే, కానీ కుర్చీలు ఖాళీగా ఉండడం లేదు.

ఈ పద్ధతిలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఐదో గీత దగ్గర జరిగింది. ఒక ఏడాది ఒక అబ్బాయి "చెవులు వినిపించవు" అని స్పష్టంగా రాశాడు. చీటీలో పేరు వచ్చింది. మేము సంజ్ఞల భాష తెలిసినవాళ్లను ఏర్పాటు చేయలేదు. రెండు రోజులు ఆ పిల్లవాడు మా నోళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు నుంచి మా విద్యార్థిని ఒకరు పక్కన కూర్చుని ప్రతి మాటా పలక మీద రాసి చూపించింది. అది సర్దుబాటే తప్ప ఏర్పాటు కాదు. సాయం కావాలా అని అడిగి, జవాబు తీసుకుని, ఏమీ చేయకపోవడం కంటే అడగకపోవడమే నయం. ఆ గీత పెట్టాలనుకునేవారు డబ్బు, మనిషి రెండూ ముందే సిద్ధం చేసుకోండి.

ఇంత శ్రమ ఎందుకని మా సహోద్యోగి ఒకరు అడుగుతుంటారు. ఆయనకు నేను గాదంకి సంగతి చెబుతాను. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు పిల్లలను తీసుకెళ్లాం. మైదానంలో 1024 యాంటెన్నాలు బారులు తీరి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, తిరిగి వచ్చేదాన్ని బట్టి ఎత్తున గాలి ఎటు వీస్తోందో తెలుసుకుంటారు. ఒక ప్రైవేటు బడి అమ్మాయి, "ఇవి కదలవు కదా, మరి దిక్కు ఎలా మారుస్తారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నగరి మరమగ్గాల ఇంటి అబ్బాయి అందుకున్నాడు. "మా మగ్గంలో పడుగు దారాలన్నీ ఒకేసారి లేవవు మేడమ్, వంతులవారీగా లేస్తాయి. దాన్ని బట్టే నేత మారుతుంది. ఇవి కూడా అలా వంతులవారీగా పనిచేస్తాయా?" యాంటెన్నాలకు అందే సంకేతాన్ని కొద్దికొద్ది సమయం తేడాతో పంపి తరంగాన్ని పక్కకు వంచుతారని నేను ఏటా బోర్డు మీద సమీకరణంతో చెబుతాను. మగ్గంతో చెప్పవచ్చని నాకు ఆ రోజు వరకు తోచలేదు. ఆ ఇద్దరూ ఒకే బస్సులో రాకపోతే ఆ ప్రశ్నా లేదు, ఆ జవాబూ లేదు.

ఈ పద్ధతి సరిచేయలేనిది కూడా ఒకటి ఉంది. మొదటి రోజు పిల్లలను శాస్త్రవేత్త బొమ్మ గీయమంటాం. 1983లో డేవిడ్ ఛాంబర్స్ ప్రచురించిన పరిశీలనలో 4,807 మంది పిల్లలు ఇలా గీస్తే, స్త్రీని గీసినవి 28 మాత్రమే, ఆ 28 కూడా ఆడపిల్లలవే. మా దగ్గర సగం మంది ఆడపిల్లలు రావడం మొదలయ్యాక కూడా తెల్లకోటు, కళ్లద్దాల మగవాళ్లే ఎక్కువ. కొందరు కలాం గారి జుట్టు గీస్తారు. ఆ బొమ్మ మారాలంటే వచ్చే పిల్లలతో పాటు నేర్పేవాళ్లు కూడా మారాలి. అందుకే ఇప్పుడు చీటీలు తీయడానికి బడులకు మా పరిశోధక విద్యార్థినులనే పంపుతున్నాను.

శ్రమ విషయానికి వస్తే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నా ఆదివారాలన్నీ దీనికే పోతాయి. 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా విడిపోయాక, ఒక చోట తీసుకునే అనుమతి రెండు చోట్ల తీసుకోవాలి. కాగితాలు తడుస్తాయి, పోతాయి, కొన్ని చేతిరాతలు అర్థం కావు. తోడు వచ్చే తల్లుల బస్సు చార్జీలు మా ఖర్చులో పెద్ద పద్దు. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కాబట్టి ఈసారి అది తగ్గుతుంది, ఆ మొత్తాన్ని సంజ్ఞల భాష తెలిసినవారికి కేటాయించాను. ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తాను. ఆన్‌లైన్ ఫారానికైతే ఒకటి, అది కూడా అక్షరాలు స్పష్టంగా ఉంటాయని. పదిమంది పనివాళ్లు లేకపోయినా ఫరవాలేదు, ఊళ్లకు రాత్రిపూట వెళ్లగలిగిన ఇద్దరు చాలు. ఆ ఇద్దరు దొరకకపోతే మాత్రం ఈ కాగితం కూడా ఆ ఫారం లాగే మిగులుతుంది.

ఈ ఏడాది కాగితాలు అచ్చుకు వెళ్లే ముందు ఏడో గీత ఒకటి చేర్చాను: మీ అమ్మ మమ్మల్ని ఏమి అడగాలనుకుంటోంది?