ఒంటి ముల్లు వాచీతో కొన్నేళ్లు: మైస్టర్‌సింగర్ నంబర్ 01

మామూలు వాచీలో గంటల ముల్లు ఒక్కదాన్నే కాసేపు గమనించండి. నాలుగుకీ ఐదుకీ సరిగ్గా మధ్యలో ఉంటే నాలుగున్నర. నాలుగు దాటి కాస్త పక్కకు జరిగితే నాలుగుంపావు అవుతోందన్నమాట. సమయమంతా ఆ ఒక్క ముల్లులోనే ఉంది. నిమిషాల ముల్లు కొత్తగా చెప్పేదేమీ లేదు. గంటల ముల్లు అప్పటికే చెప్పినదాన్ని భూతద్దంలో పెట్టి చూపిస్తుంది, అంతే. ఒంటి ముల్లు వాచీ చేసేవాళ్లు ఆ రెండో ముల్లు తీసేసి, మొదటిదాన్ని పొడుగ్గా, సన్నగా చేసి, డయల్ అంచు చుట్టూ గీతలు దగ్గరదగ్గరగా వేస్తారు. ఆ గీతలు రెండో ముల్లు లోటు తీరుస్తున్నాయా లేదా అన్నదే ఇలాంటి వాచీ కొనేటప్పుడు చూడాల్సిన అసలు సంగతి. అందం తర్వాత చూసుకోవచ్చు.

నా చేతికి కొన్నేళ్లుగా ఉన్నది మైస్టర్‌సింగర్ నంబర్ 01. మాన్‌ఫ్రెడ్ బ్రాస్లర్ అనే ఆయన 2001లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరంలో మొదలుపెట్టిన కంపెనీ ఇది. మొదట్నుంచీ వాళ్ల గుర్తింపు ఒంటి ముల్లే. నేను ఉద్యోగరీత్యా ఉండేది డార్ట్‌మండ్‌లో. మ్యూన్‌స్టర్ ఇక్కడికి దగ్గరే కాబట్టి ఒక శనివారం రైలెక్కి వెళ్లి, షాపులో చేతికి పెట్టుకుని చూసి మరీ కొన్నాను. 43 మిల్లీమీటర్ల స్టీలు కేసు, కాస్త ఉబ్బెత్తుగా ఉండే సఫైర్ గ్లాసు, లోపల రోజూ కీ ఇవ్వాల్సిన స్విస్ మిషను. తేదీ లేదు, సెకన్ల ముల్లు లేదు. దంతపు రంగు డయల్, దాని మీద ముదురు రంగు ముల్లు ఒకటి.

డయల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాచీ అంటే ఇక్కడ డయలే. అంకెలు 01, 02, 03 అంటూ ముందు సున్నాతో ఉంటాయి, అందువల్ల పన్నెండు చోట్లా ఒకే వెడల్పు. అంకెకూ అంకెకూ మధ్య పన్నెండు భాగాలు, అంటే చుట్టూ మొత్తం 144. ఒక్కో భాగం ఐదు నిమిషాలు. పావుగంట గీత పక్కవాటికన్నా పొడుగు, అరగంటది ఇంకా పొడుగు. ఈ పొడుగుల తేడాయే కంటికి మెట్లు. ముందు అంకె దొరుకుతుంది, తర్వాత అరగంటకు అటా ఇటా అన్నది తెలుస్తుంది, ఆ తర్వాత ముల్లు మొన ఏ చిన్న గీత మీదుందో చూస్తాం. రాసేసరికి ఇంత పొడుగైంది గానీ, అలవాటయ్యాక కంటికి ఇదంతా ఒకే చూపు.

అలవాటవడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కన్ను రెండో ముల్లు కోసం వెతుకుతుంది, దొరక్కపోతే ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ తడబాటు పోయాక నిమిషాలు కూడా అంచనాకు వస్తాయి. ముల్లు నిమిషానికి అర డిగ్రీ కదులుతుంది. ఇంత పెద్ద డయల్ మీద కూడా గీతకూ గీతకూ మధ్య మిల్లీమీటరు దూరం లేదు. అయినా మొన గీత మీదుందా, రెండు గీతల నడుమ ఉందా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, ఇప్పుడు నేను చెప్పే టైము రెండు మూడు నిమిషాలకు మించి తప్పదు. ఒక్కటే షరతు: వాచీని ఎదురుగా పెట్టుకుని చూడాలి. ముల్లు డయల్‌కు కాస్త ఎత్తులో తిరుగుతుంది కదా, మణికట్టు వాల్చి పక్కనుంచి చూస్తే మొన పక్క గీత మీద ఉన్నట్టు కనబడుతుంది. రెండు ముళ్ల వాచీలో ఈ తేడా ఒక నిమిషం దగ్గర పోతుంది, ఇక్కడ ఐదు నిమిషాలైపోతుంది. సైకిలు హ్యాండిల్ మీద చేతులుంచి ఓరగా చూసి టైము తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక నాకు ఈ వాచీ ఎందుకింత నచ్చిందో చెబుతాను. ఇంటికి దూరంగా ఉండేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. జర్మనీకీ మనకీ తేడా చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర. ఆ అరగంట ఉంది చూశారూ, అదే తలనొప్పి. మామూలు వాచీలో నాలుగూ పది చూసి మూడున్నర కలపాలంటే గంటల ముల్లును మూడు జరపాలి, నిమిషాల ముల్లును అవతలివైపుకు తిప్పాలి, నాలుగు నలభై అయితే మళ్లీ గంట మారుతుంది. మనసులో లెక్క వేయాల్సిందే. ఒంటి ముల్లు దగ్గర లెక్క లేదు. ముల్లు ఎక్కడుంటే అక్కడి నుంచి మూడున్నర అంకెల దూరం ముందుకు చూపు జరిపితే అక్కడుంది ఇండియా టైము. నాలుగు దాటి రెండు గీతలు పోయిందా, ఏడున్నర దాటి రెండు గీతలు. అమ్మ సీరియల్ మొదలయ్యేలోపు ఫోన్ చేయొచ్చా, నాన్న వాకింగ్ నుంచి వచ్చేసి ఉంటారా అన్నది చూపుతోనే తేలిపోతుంది. ఫోన్లో రెండు గడియారాలు పెట్టుకోవచ్చు, నిజమే. కానీ ఫోన్ తీస్తే అందులో ఉన్న మిగతావన్నీ కూడా మీద పడతాయి.

మిగిలిన టైము విషయంలోనూ అంతే. పదీ ముప్పై ఐదు అయింది, ఒంటిగంటకు భోజనం. ముల్లుకూ 01 అంకెకూ మధ్య ఖాళీ కళ్ల ముందుంటుంది. ఆ ఖాళీలో పట్టే పనేంటో, పట్టనిదేంటో అనిపించేస్తుంది. డిజిటల్ వాచీ 10:35 అని చెబుతుంది, తీసివేత మన పని. రెండు ముళ్ల వాచీలో కూడా గంటలు ఒకచోట, నిమిషాలు ఇంకోచోట చూసి జత చేయాలి. ఇక్కడ పన్నెండు గంటలూ ఒకే దారి, ముల్లు ఆ దారిలో ఎంతదూరం వచ్చిందో కనిపిస్తూ ఉంటుంది. "ఇంత కూడా చెప్పని వాచీ ఎందుకు?" అని అడిగిన మిత్రులకు నేను చెప్పే జవాబు ఇదే. ఇది తక్కువ చెప్పే వాచీ కాదు. ఎంతైంది అనేదాని కంటే ఎంత మిగిలింది అనేది బాగా చెప్పే వాచీ.

మరి నిమిషం ముఖ్యమైన చోట్ల? ఉన్నాయి, దాచాల్సిందేం లేదు. ఇక్కడ బస్సు 7:43కు అని రాస్తే 7:43కే. అది ఈ వాచీతో పట్టే పని కాదు. నేను చేసేదల్లా బస్సుకు ఒక గీత ముందే స్టాపులో ఉండటం. మీటింగ్‌లకు క్యాలెండర్ ఎలాగూ గుర్తుచేస్తుంది. గుడ్లు ఉడకబెట్టడానికి, పిల్లల మందుకు, పరీక్ష హాల్లో కూర్చోవడానికి ఇది పనికిరాదు. నిమిషాల లెక్కతో ఉద్యోగం చేసే నర్సులు, రైల్వే వాళ్లు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు దీన్నే ఏకైక వాచీగా కొనొద్దు. సెలవురోజు వాచీగా అయితే హాయిగా కొనుక్కోవచ్చు.

మన ముహూర్తాలు కూడా ఆ జాబితాలోవే. మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లినప్పుడు శుభలేఖలో సుముహూర్తం నిమిషంతో సహా అచ్చు వేసి ఉంది. జీలకర్ర బెల్లం పెట్టించే ముందు పంతులుగారు నా చేతివైపు చూసి టైమడిగారు. పక్కనున్న ఫోన్ చూసి చెప్పాను. అప్పుడే మా మావయ్య వాచీ చూసి "ఏంట్రా అల్లుడూ, ముల్లు ఊడిపోయిందా?" అన్నారు. ఒకసారి విప్పి ఇచ్చి ఎలా చూడాలో చెబితే, భోజనాల బంతి లేచేసరికల్లా పక్కవాళ్లకు ఆయనే నేర్పించేస్తున్నారు. చిన్నప్పుడు అంకెల కంటే ముందు "పావు, అర, ముప్పావు" వచ్చిన తరానికి ఇది మనకంటే త్వరగా పట్టుబడుతుంది.

కీ సంగతి. పొద్దున్నే పళ్లు తోముకున్నాక కీ ఇస్తాను, గట్టిగా తగిలేవరకూ. ఒకరోజు మర్చిపోతే మర్నాటికి ఆగిపోతుంది. సెకన్ల ముల్లు లేదు కాబట్టి ఆగిందో, తిరుగుతోందో చూడగానే తెలీదు, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. ఒంటి ముల్లులో నాకు నచ్చని విషయం ఏదైనా ఉందంటే ఇదొక్కటే. టైము సెట్ చేయడం మాత్రం తమాషాగా ఉంటుంది. మిషను మామూలు వాచీదే కాబట్టి, మామూలు వాచీలో నిమిషాల ముల్లు ఒక చుట్టు తిరిగేంత కీ తిప్పితే గానీ ఇందులో ముల్లు ఒక్క అంకె దాటదు. అందుకే మొనను గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టొచ్చు. లోపల పళ్ల చక్రాల మధ్య కాస్త సందు ఉంటుంది. సెట్ చేశాక కొద్దిసేపు ముల్లు నిలబడిపోయినట్టు ఉండొచ్చు, కాబట్టి పావుగంటాగి ఇంకోసారి సరిచూసుకుంటే సరిపోతుంది.

మెకానికల్ వాచీ ముందుకో వెనక్కో పోతుందని చాలామందికి టెన్షన్. రోజుకు ఇరవై సెకన్లు ముందుకు పోయినా, వారానికి అయ్యేది రెండు నిమిషాల ఇరవై సెకన్లు. ఈ డయల్ మీద అది సగం గడి కూడా కాదు. ఆదివారం ఒకసారి సరిచేసుకుంటే వారమంతా ఆ ఊసే ఉండదు. సెకన్లు లెక్కపెట్టుకుని బాధపడే అలవాటు నాకు పాత ఆటోమేటిక్ వాచీతో ఉండేది, ఇది కొన్నాక పోయింది.

అసలు గడియారాలు మొదలైందే ఒంటి ముల్లుతో. 1656లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ లోలకం గడియారం తయారు చేసేదాకా, రోజుకు పావుగంట అటూఇటూ పోయే యంత్రాలకు నిమిషాల ముల్లు పెట్టి ప్రయోజనం లేదు. 1675లో బ్యాలెన్స్ స్ప్రింగ్, అంటే చిన్న గడియారంలో లోలకం పని చేసే సన్నటి స్ప్రింగు, వచ్చాకే జేబు గడియారాల్లో నిమిషాలకు అర్థం వచ్చింది. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబీ అనే చర్చి గోపురం మీది గడియారానికి ఇప్పటికీ ఒక్కటే ముల్లు. నాకు మరీ ఇష్టమైన కథ అబ్రహాం లూయీ బ్రెగే అనే గడియారాల తయారీదారుది. నిమిషాల ముల్లు పెట్టడం బాగా తెలిసిన కాలంలో, 1790ల చివర్లో, ఆయన పారిస్‌లో కావాలనే ఒంటి ముల్లు జేబు గడియారాన్ని అమ్మాడు. ధరలో నాలుగోవంతు ముందే కట్టించుకుని తయారు చేసి ఇచ్చేవాడు. పెద్ద డయల్, ఐదేసి నిమిషాల గీతలు, లోపల వీలైనంత సరళమైన మిషను. ఇప్పుడు నా చేతికున్నదాని ఆలోచన అక్కడే ఉంది.

ఈ వాచీ ధర మన డబ్బుల్లో లక్ష దాటుతుంది. దీనికోసం అంత పెట్టనక్కర్లేదు అనుకుంటే వేరేవి ఉన్నాయి. క్లాస్ బొట్టా అనే జర్మన్ డిజైనర్ 1986లోనే ఊనో అనే ఒంటి ముల్లు వాచీ తెచ్చాడు. బ్యాటరీతో నడిచేది ఉంది కాబట్టి కీ గొడవ లేదు. బెలారస్‌లోని మిన్‌స్క్ ఫ్యాక్టరీ లూచ్ పేరుతో కీ ఇచ్చే ఒంటి ముల్లు వాచీ చేస్తుంది, వీటన్నిటిలో చవకైంది అదే. ముల్లు రోజుకు ఒక్కసారే తిరిగే 24 గంటల రకాలూ ఉన్నాయి. స్లో అనే బ్రాండు అవే చేస్తుంది, ఊనోలోనూ ఒకటుంది. మధ్యాహ్నం పైన, అర్ధరాత్రి కింద. ఆఫీసులో ఒకాయన దగ్గర తీసుకుని కొన్నాళ్లు పెట్టుకున్నాను. పగలంతా సూర్యుడితోపాటు ముల్లు పైకెక్కి దిగుతుంటే చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ముల్లు వేగం సగమే, అంటే కంటికి దొరికే తేడా కూడా సగమే. ఆఫీసు పనికి అది చాలదు.

ఆన్‌లైన్‌లో దొరికే కొన్ని చవక రకాల విషయంలో మాత్రం జాగ్రత్త. డయల్ మీద పన్నెండు చుక్కలు, ఒక పొట్టి ముల్లు, అంతే ఉంటాయి. ఫోటోలో ఎంతో నాజూగ్గా కనిపిస్తాయి. చేతికి పెట్టుకుంటే మూడున్నరో, మూడూ నలభయ్యో తేలదు. గంటకు కనీసం నాలుగు గీతలు లేనిదీ, ముల్లు మొన ఆ గీతలను తాకనిదీ కొనొద్దు. గ్లాసు మీద మెరుపు ఎక్కువుంటే కూడా కష్టమే, మొన కనబడాలి కదా.

సైజు మాట చెప్పి ముగిస్తాను. 43 మిల్లీమీటర్లు నా మణికట్టుకు సరిపోయింది గానీ సన్నటి చేతులకు పళ్లెంలా ఉంటుంది, చొక్కా కఫ్ కింద దూరదు. నా దానిలో చీకట్లో మెరిసే పూత లేదు, రాత్రి లేచి టైము చూసుకునేవాళ్లు పూత ఉన్న మోడల్ అడగాలి. తోలు పట్టీ మన ఎండల్లో చెమటకు నిలవదు. మే నెలలో విజయవాడ వెళ్లేటప్పుడు నేను బట్ట పట్టీ వేసుకుంటాను. మా ఆవిడకు అదే కంపెనీ నియో చూశాం. 36 మిల్లీమీటర్లు, గ్లాసు ప్లెక్సీ, అంటే ఒకరకం ప్లాస్టిక్. దానికి గీతలు పడతాయి కానీ పాలిష్ పేస్టు పెట్టి రుద్దితే పోతాయి. డయల్ చిన్నదైనందుకు గీతలు ఇంకా దగ్గరయ్యాయి. నాకు కళ్లద్దాలతో కూడా ఐదు నిమిషాల కంటే దగ్గరగా చదవడం కుదరలేదు. తను మాత్రం షాపులో నిలబడి ఒక్క చూపులో సరిగ్గా చెప్పేసింది, అందుకే అదే తీసుకుంటున్నాం.