తాతల నాటి పెట్రోలు పంపు: ఉన్నదున్నట్టు ఉంచడం మేలా, కొత్తదానిలా చేయించడం మేలా?

మా అమ్మాయి అత్తింటివాళ్లది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం. మా వియ్యంకుడి తాతగారు పాత రూట్ 66 రోడ్డు మీద చిన్న పెట్రోలు బంకు నడిపేవారు. బంకు ఎప్పుడో మూతపడింది, స్థలం అమ్మేశారు. ఒక్క పంపు మాత్రం పొలంలోని కొట్టంలో మిగిలింది. దాన్నేం చేయాలన్న దగ్గర ఇప్పుడు తండ్రీకొడుకులకు పడటం లేదు. ఎర్రగా నిగనిగలాడేలా రంగు కొట్టించి హాల్లో పెట్టుకుందామని మా అల్లుడు అంటాడు. దుమ్ము దులిపితే చాలు, మిగతాదేదీ ముట్టుకోవద్దని వాళ్ల నాన్న అంటాడు. నేను చాలాకాలం మెషిన్ షాపులో పనిచేసినవాణ్ని కాబట్టి, "మీరే చెప్పండి బావగారూ" అంటూ వియ్యంకుడు ఆ పంచాయితీ నా నెత్తిన పెట్టాడు. (ఆ పిలుపు మా ఆవిడ నేర్పింది. తెలుగులో అదొక్కటే తప్పు లేకుండా పలుకుతాడు.)

ఏది మేలో చెప్పాలంటే ముందు అది ఏ పంపో తేలాలి. చాలామంది తడబడేది ఇక్కడే. మీద టెక్సకో అని ఉంటే టెక్సకో పంపు, షెల్ అని ఉంటే షెల్ పంపు అనేసుకుంటారు. పంపు మీద కనిపించేది పెట్రోలు అమ్మిన కంపెనీ పేరు. పంపును తయారుచేసింది వేన్, టోక్‌హైమ్, బౌజర్, గిల్బార్కో, బెనెట్ లాంటి కంపెనీలు. వీటిలో మొదటి మూడింటికీ ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ ఊరే నెలవు. 1885లో సిల్వేనస్ బౌజర్ అనే ఆయన ఆ ఊళ్లోనే ఒక కిరాణా కొట్టు కోసం కిరోసిన్ పంపు తయారుచేశాడు. ఈ వ్యాపారానికంతటికీ అదే మొదలు. తర్వాతి రోజుల్లో బంకు ఓనరు ఒక ఆయిల్ కంపెనీని వదిలి ఇంకోదాంతో ఒప్పందం చేసుకుంటే పంపు పీకేవారు కాదు, రంగూ బోర్డూ మార్చేవారు. అందుకే పై రంగును చూసి వయసు కట్టకూడదు.

చూడాల్సింది పేరుపలక. ఇత్తడిదో అల్యూమినియందో చిన్న పలక అడుగున గానీ, పక్క రేకు విప్పితే లోపల గానీ ఉంటుంది. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. దాని మీద కూడా రంగు పూసేసి ఉంటే గోకొద్దు. పల్చటి కాగితం పెట్టి పెన్సిలు మొన పడుకోబెట్టి రుద్దితే అక్షరాలు కాగితం మీదికి వచ్చేస్తాయి. టెక్సకో వాళ్ల పింగాణీ పూత బోర్డులకైతే కింది అంచున నెల, రోజు, సంవత్సరం చిన్న అంకెల్లో ఉండటం మామూలే. అది ఆ బోర్డు పుట్టిన తేదీ, పంపుది కాదు.

పలక ఊడిపోయినా ఆకారాన్ని బట్టి కాలం పోల్చుకోవచ్చు. పైన పెద్ద గాజు సిలిండరు, పక్కన పొడుగాటి చేతిలివరు ఉంటే అది 1910ల చివరి నుంచి 1920ల దాకా బాగా నడిచిన రకం. లివరు లాగి పెట్రోలును పైకెక్కించేవారు. గాజు మీది గ్యాలన్ గీతలు కొనేవాడు కళ్లారా చూసుకున్నాక, అది దానంతటదే కిందికి దిగి కారు ట్యాంకులో పడేది. అంతకుముందు పంపుల్లో లోపల ఎంత పోస్తున్నారో కనిపించేది కాదు, అందుకే గాజు మీద అంత మోజు. ఫ్రై కంపెనీ 117 మోడల్ నడుము సన్నంగా ఉంటుంది, దాన్ని సినిమా తార మే వెస్ట్ పేరుతో పిలిచేవారు. గాజు సిలిండరు పోయి గడియారం లాంటి ముఖం, దాని మీద తిరిగే ముల్లు ఉంటే మీటర్ వచ్చిన కాలం, అంటే 1920ల చివర, 1930ల మొదలు. గ్యాలన్లతో పాటు డబ్బు కూడా అంకెల చక్రాల మీద కనిపిస్తే అది 1930ల నడిమి నుంచి వచ్చినది. వీడర్-రూట్ కంపెనీ చేసిన పళ్ల చక్రాల లెక్క యంత్రం పెట్టిన పంపులవి.

మా వాళ్లది ఈ మూడో రకం. టోక్‌హైమ్ 39.

ఇక అసలు బేరీజుకు వద్దాం. మా అల్లుడి పక్షం ముందు చెబుతాను, ఎందుకంటే ఫొటోలు చూసినవాళ్లంతా మొదట ఆ పక్షానే ఉంటారు. పూర్తిగా విప్పి, రేకులు బ్లాస్టింగ్ (గాలి జోరుతో ఇసుకలాంటి పొడిని కొట్టి పాత రంగు, తుప్పు రాల్చడం) చేయించి, టింకరింగ్, ప్రైమర్, రంగు, కొత్త గాజు, కొత్త డయల్, కొత్త రబ్బరు గొట్టం, పైన కంపెనీ గుర్తుతో వెలిగే గాజు గ్లోబు. ఇవన్నీ అమెరికాలో కొత్తగా చేసి అమ్ముతున్నారు. టోక్‌హైమ్, వేన్ లాంటి పేరున్న మోడళ్లకు డయల్ ముఖాల నుంచి స్టిక్కర్ల దాకా అన్నీ దొరుకుతాయి. చేతకాని పని కాదు, దొరకని సామాను కాదు.

కానీ ఖర్చు వేలల్లో ఉంటుంది, రూపాయలు కాదు, డాలర్లు. పైగా షాపువాడికి ఇనుము తెలిసినంత మాత్రాన ఈ పని తెలిసినట్టు కాదు. పక్క రేకులు పల్చన. వాటిని ఇసుకతో గట్టిగా బ్లాస్ట్ చేస్తే అల తిరిగిపోతాయి, తర్వాత ఎంత లప్పం పెట్టినా ఎండలో ఆ వంపు కనబడుతూనే ఉంటుంది. సోడా పొడితోనో, అక్రోటు పెంకు పొడితోనో, తక్కువ ప్రెషర్‌తోనో చేయమని కాగితం మీద రాయించుకోవాలి. పౌడర్ కోటింగ్ చేయిద్దామనుకుంటే ఇంకో చిక్కు. ఆ పొడి రంగు గట్టిపడటానికి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. తగరం-సీసం టంకం 183 డిగ్రీల దగ్గర్నుంచే కరగడం మొదలవుతుంది. టంకం పెట్టిన భాగం విప్పకుండా ఓవెన్‌లోకి పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పాతబడి పెళుసెక్కిన జింక్ పోత భాగాలది మరీ ఘోరం. పైకి బాగానే ఉండి, బిగించేటప్పుడు బిస్కట్టులా పుటుక్కుమంటాయి.

ఇక సీసం. పాత రంగులో అది ఉందనే అనుకుని పని మొదలుపెట్టాలి. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో, ఈ పంపులు అంతకు చాలా ముందువి. లోపల పారిన పెట్రోలులోనూ సీసమే. 1923 నుంచి అమ్మకానికి వచ్చిన సీసం పెట్రోలు అమెరికా రోడ్ల మీద వాహనాలకు పూర్తిగా ఆగింది 1996 జనవరి 1న. మా పంపు పక్క రేకు మీద "సీసం ఉంది, ఇంజిన్లకు మాత్రమే వాడాలి" అన్న అర్థం వచ్చే హెచ్చరిక ఇంకా చదవడానికి వస్తుంది. అప్పట్లో బట్టల మరకలకూ, చేతుల జిడ్డుకూ పెట్రోలే వాడేవారు మరి. ఇలాంటి రంగును ఇంటి గ్యారేజీలో పొడి ఎమరీ పేపర్‌తో గీకి, ఆ దుమ్మును చిన్నపిల్లలు తిరిగే చోట ఎగరేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వియ్యంకుడి పక్షానికి వస్తే, అది ఊరికే వదిలేయడం కాదు. అదీ పనే, కాకపోతే చేతిపని. మెత్తటి బ్రష్షుతో, వ్యాక్యూమ్‌తో దుమ్ము తీయాలి. గాఢత లేని సబ్బునీళ్లను కనబడని మూల ఒకచోట పరీక్షించి, రంగు కదలకపోతేనే మిగతా చోట్ల వాడాలి. తుప్పు పట్టిన చోట పల్చటి నూనె వేసి మెత్తగా రుద్ది, ఆ నూనెను పూర్తిగా తుడిచాక మ్యూజియంల వాళ్లు వాడే మైనం పూత వేయాలి. ఊడిపోయేలా ఉన్న పెచ్చుల్ని ఆ మైనంతోనో తగిన పారదర్శక పూతతోనో అంటించి నిలబెట్టాలి. అది కూడా సీసం రంగే కాబట్టి హాల్లో రాలకూడదు. ఆరుబయట పెట్టేటట్లయితే ఈ పద్ధతి పనికిరాదు, ఇల్లినాయ్ మంచుకు రెండు మూడు చలికాలాల్లో రేకు అంచులు తినేస్తాయి.

అలా ఉంచినందువల్ల లాభమేంటంటారా? పక్క రేకు కింది అంచున రంగు లేచిపోయిన చోట భూతద్దం పెట్టి చూశాను. ఉల్లిపొరల్లా ఒకదాని కింద ఒకటి: పైన తెలుపు, దాని కింద ఎరుపు, ఆ కింద ఆకుపచ్చ, అడుగున బూడిద రంగు ప్రైమర్. తాతగారు ఎన్నిసార్లు కంపెనీ మార్చి ఉంటారో ఆ అంచే చెబుతోంది. ముఖం లోపల అంకెల చక్రాల మీద ఆఖరి అమ్మకం అలాగే నిలిచిపోయి ఉంది, పక్కన గ్యాలన్ ధర 31.9 సెంట్లు. ఆ ధర మార్చాలంటే లోపల మూడు మీటలు ఉంటాయి, పదుల సెంట్లకొకటి, సెంట్లకొకటి, పదో వంతుకొకటి. ఈ రకం పాత లెక్క యంత్రాలు 99.9 సెంట్ల దగ్గర ఆగిపోతాయి. 1979లో గ్యాలన్ ధర డాలరు దాటినప్పుడు చాలా బంకుల్లో సగం గ్యాలన్ ధరకు సెట్ చేసి, వచ్చిన మొత్తాన్ని రెట్టింపు చేసి వసూలు చేసుకున్నారు. రీస్టోర్ చేయిస్తే షాపువాళ్లు మొదట చేసే పని ఆ చక్రాలను సున్నాకు తిప్పడం. ఒకసారి తిప్పాక ఆ అంకెల్ని మళ్లీ పెట్టుకోవచ్చు, కానీ అవి మనం పెట్టిన అంకెలు అవుతాయి.

డబ్బు లెక్కకు వచ్చినా, పాత వస్తువులు కొనేవాళ్లలో అసలు రంగు మీదున్న పంపును వెతుక్కునేవాళ్లు వేరే ఉన్నారు. మంచి రంగు ఎప్పుడైనా వేయించవచ్చు, తీసేసిన రంగు తిరిగి రాదు. మామూలు మోడల్ పంపును ముస్తాబు చేసి అమ్మితే చాలాసార్లు పెట్టిన ఖర్చే వెనక్కి రాదు.

మరి రెండింటికీ నడుమ ఏమైనా? బొత్తిగా నచ్చనిది సగం పని. ముఖం ఒక్కటీ కొత్తగా చేసి, మిగతాది తుప్పుతో వదిలేస్తే రెండూ చెడతాయి. దానికన్నా హాల్లోకి వెలుతురు, మెరుపు కావాలంటే నకలు పంపు కొనుక్కోవడం నయం. ఫైబరువీ రేకువీ దొరుకుతాయి, తేలిక, సీసం గొడవ లేదు. అసలుది కొట్టంలోనో ఆఫీసు గదిలోనో ఉంటుంది.

నా తీర్పు ఇలా ఉంది. ఆయిల్ కంపెనీ రంగు, అక్షరాలు సగానికి మించి మిగిలి ఉంటే ముట్టుకోవద్దు, శుభ్రం చేసి మైనం పూయండి. రంగంతా పోయి, రేకు చిల్లులు పడి, సగం భాగాలు లేకుండా దొరికితే నిస్సందేహంగా పూర్తి రీస్టోరేషన్‌కు పోండి, అక్కడ కాపాడటానికి ఏమీ లేదు. గాజు సిలిండరు పంపుల్లో గాజు పగిలి ఉంటే అక్రిలిక్ సిలిండరు పెట్టి మిగతాది అలాగే వదలొచ్చు. ఊరికి గుర్తుగా నిలబెట్టేదైతే లెక్క వేరు. రూట్ 66 మీదే మౌంట్ ఆలివ్‌లో 1926 నాటి సౌల్స్‌బీ షెల్ స్టేషన్‌ను, ఓడెల్‌లో 1932 నాటి స్టాండర్డ్ ఆయిల్ స్టేషన్‌ను బాగుచేసి ఉంచారు. వచ్చినవాళ్లకు ఆ రోజుల్లో ఎలా ఉండేదో చూపించాలి కాబట్టి అక్కడ కొత్త మెరుపు సబబే. ఒక ఇంటి వస్తువుకు ఆ అవసరం లేదు. కాబట్టి మా పంపు విషయంలో వియ్యంకుడే గెలిచాడు.

రెండింట్లో ఏది ఎంచుకున్నా తప్పనివి కొన్ని ఉన్నాయి. లోపలి గొట్టాల్లో, అడుగు గిన్నెలో మిగిలిన పెట్రోలు, మడ్డి అంతా గ్లవ్స్ వేసుకుని ఆరుబయట దించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. పాత గుడ్డ తొడుగు వైర్లకు కరెంటు ఇవ్వకూడదు, వాటిని విడదీసి, దీపం కావాలంటే విడిగా చిన్న ఎల్ఈడీ పెట్టుకోవాలి. దాంతో మళ్లీ పెట్రోలు పోయాలన్న సరదా అసలే వద్దు.

అల్లుడి ముఖం చిన్నబోకుండా ఒక్క మినహాయింపు ఇచ్చాను. పైన గ్లోబు లేదు, అసలుది ఎప్పుడో పగిలిందట. పాత గ్లోబుల ధరలు ఆకాశంలో ఉన్నాయి, నకళ్లను పాతవని అంటగట్టేవాళ్లకూ కొదవ లేదు. అందుకని నకలని చెప్పి అమ్మేవాడి దగ్గరే కొత్తది కొనమన్నాను. దాని మెడ లోపలి వైపు, పైకి కనబడని చోట, కొన్న సంవత్సరమూ "నకలు" అన్న మాటా చెరిగిపోని ఇంకుతో ఇంగ్లీషులో రాసిపెట్టమన్నాను. రేపు మా మనవడు దాన్ని అమ్మబోతే మాట పడకూడదు కదా.